ఉప్పు పొరల్లో అణు వ్యర్థాలు: కాపలా ఎవరిది?

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, కార్ల్స్‌బాడ్ పట్టణం దగ్గర, నేలకు 655 మీటర్ల లోతున అణ్వాయుధాల తయారీలో మిగిలిన ప్లుటోనియం వ్యర్థాలను 1999 మార్చి నుంచి పాతిపెడుతున్నారు. ఆ కేంద్రం పేరు ‘విప్’. ఉప్పు పొర బరువుకు మెల్లగా జరుగుతూ తవ్విన గదులను తనే పూడ్చేస్తుంది. 25 కోట్ల ఏళ్లుగా అది కరగకుండా ఉందంటే అక్కడ నీటి పారుదల లేనట్టే.

మొదట ఎంచుకున్నది కాన్సస్‌లోని లయన్స్ ఉప్పు గని. చుట్టూ పాత చమురు, గ్యాస్ బోర్లున్నాయి. పక్క గనిలోకి పంపిన నీరు తిరిగి రాకుండా ఇంకిపోయింది. ఈ ప్రమాదాల గురించి గట్టిగా హెచ్చరించినవారు రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్తలు. అప్పట్లో అణు కార్యక్రమాలు చూసే ప్రభుత్వ సంస్థ అయిన అణుశక్తి సంఘం 1972లో ఆ గనిని వదిలేసింది.

ఈ అనుభవం ఉన్నా, 1979లో అమెరికా కాంగ్రెస్ విప్‌ను అణు నియంత్రణ సంఘం లైసెన్సు నుంచి మినహాయించింది. నడిపే ఇంధన శాఖే తన పనిని తనే తనిఖీ చేసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. 1992 చట్టం దీన్ని కొంత సరిదిద్దింది. 10,000 ఏళ్లలో బయటికి వచ్చే రేడియోధార్మికత పరిమితి దాటదని పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) ధ్రువీకరించాలి, అయిదేళ్లకోసారి మళ్లీ పరిశీలించాలి. భవిష్యత్తులో ఎవరైనా చమురు కోసం బోరు వేస్తే ఏమవుతుందో కూడా లెక్కలో చూపాలి. ప్రమాదకర రసాయనాలకు రాష్ట్రం పర్మిట్ కావాలి.

ఇంత కట్టుదిట్టం చేసినా రోజువారీ అణు భద్రత, ప్రయోగశాలల్లో వ్యర్థాలను డ్రమ్ముల్లో నింపే తీరు ప్రధానంగా ఇంధన శాఖ చేతుల్లోనే మిగిలాయి. అణు కేంద్రాల భద్రతా బోర్డు సిఫార్సు చేయగలదు గానీ ఆదేశించలేదు. దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే.

2014 ఫిబ్రవరి 14న లాస్ అలమోస్ అణ్వాయుధ ప్రయోగశాల నుంచి వచ్చిన ఒక డ్రమ్ము లోపలే వేడెక్కి పగిలింది. అందులోని నైట్రేట్ లవణాలు మండే పదార్థాలను మరింత మండించే రకం. తడి పీల్చడానికి వాటిలో ఖనిజ పదార్థం కలపాల్సింది పోయి, పెంపుడు పిల్లుల మలమూత్రాలను పీల్చడానికి వాడే, గోధుమతో చేసిన పొడిని కలిపారు. అది ఇంధనమైంది. వెలుపలికి పోయే గాలిని ఫిల్టర్ల వైపు మళ్లించినా, గాలి దారిని మూసే డ్యాంపర్ల సందుల్లోంచి కొంత రేడియోధార్మిక ధూళి బయటపడింది. 22 మంది సిబ్బందికి రేడియోధార్మికత స్వల్పంగా సోకింది. పాతిపెట్టడం దాదాపు మూడేళ్లు ఆగి, 2017 జనవరిలో మళ్లీ మొదలైంది. పదివేల ఏళ్ల లెక్కలు ఎంత పక్కాగా ఉన్నా, ఈ వారం నింపిన డ్రమ్ములో ఏముందో బయటివాళ్లు చూడకపోతే అవి కాపాడలేవు.

అప్పుడు పట్టు బిగించగలిగింది పర్మిట్ ఇచ్చే అధికారం ఉన్న రాష్ట్రమే. 5.4 కోట్ల డాలర్ల జరిమానాలు వేసింది. 2023లో పర్మిట్ పునరుద్ధరిస్తూ, మరో రాష్ట్రంలో పాతర వెతికే ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో ఇంధన శాఖ ఏటా నివేదించాలని షరతు పెట్టింది.