కోరాపుట్‌లో పప్పు ఉడకని రోజు

చిట్టీ, బుజ్జీ,

మొన్న సెలవులకి వచ్చినప్పుడు కుక్కర్ గాస్కెట్ పాడై గిన్నెలో కందిపప్పు పెట్టాను, గుర్తుందా? ఎంతకీ మెత్తబడలేదు. "బరంపురంలో అమ్మ గిన్నెలో వండినా తొందరగా ఉడుకుతుంది అమ్మమ్మా" అని నా వంటకి వంక పెట్టారు. దానికే ఈ ఉత్తరం.

నీళ్ళలోంచి కొన్ని కణాలు ఎప్పుడూ ఆవిరై పైకి పోవాలని చూస్తుంటాయి. ఆ ఆవిరి తోసే బలమే ఆవిరి పీడనం. దాన్ని పాదరసం ఎత్తుతో కొలుస్తారు. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 24 మిల్లీమీటర్లు, 80కి 355, 100కి 760. సముద్రమట్టం దగ్గర, అంటే మీ బరంపురం లాంటి చోట, గాలి మనల్ని నొక్కేదీ 760 మిల్లీమీటర్లే! పొయ్యి మీద గిన్నె మరగబోయే ముందు సుయ్‌మని పాడుతుంది, విన్నారా? అడుగున పుట్టిన బుడగలు పైనున్న చల్లటి నీళ్ళలోకి రాగానే బలం చాలక నలిగిపోతున్న చప్పుడది. ఆవిరి బలం గాలి నొక్కుడుకి సమానమైతే బుడగ నిలుస్తుంది, నీళ్ళు తెర్లుతాయి.

మా కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. పైన గాలి తక్కువ కాబట్టి నొక్కుడూ తక్కువే, నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. దేవమాలి కొండ మీదైతే ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువ. మంట ఎంత పెంచినా వేడి అక్కడే ఆగుతుంది, గ్యాస్ మాత్రం అవుతుంది. పప్పుకి కావలసింది బుడగలు కాదు, వేడి. (పప్పు పాతదీ కావచ్చు, ఒప్పుకుంటాను.) కుక్కర్ ఆవిరిని బంధించి లోపలి నొక్కుడు దాదాపు రెట్టింపు చేస్తుంది, అందుకే నీళ్ళు 120 డిగ్రీల దాకా వెళతాయి.

శానిటైజర్ చేతిలో ఇట్టే ఎగిరిపోతుంది కదా, అందులోని ఆల్కహాల్‌కి ఆవిరి పీడనం నీళ్ళ కంటే రెట్టింపు పైనే. అది 78 డిగ్రీలకే మరుగుతుంది.

పొయ్యి లేకుండా మరిగించాలనుందా? అమ్మ చేత నీళ్ళు కాయించి, చెయ్యి పట్టే దాకా ఆరనివ్వండి. సూది లేని సిరంజిలోకి కొంచెం లాగి, గాలి బయటికి తోసి, మూతిని వేలితో గట్టిగా మూసి కాడ లాగండి. చేతిలోనే బుడగలు లేస్తాయి!

దసరాకి వచ్చేటప్పుడు ఐదు లీటర్ల కుక్కర్ గాస్కెట్ ఒకటి తెండి, ఇక్కడ ఆ సైజు దొరకలేదు.

మీ అమ్మమ్మ