కారు ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’: అపోహలు - వాస్తవాలు

మార్చి దాటితే చాలు, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఏ ఏసీ షెడ్డు దగ్గర నిలబడినా వినపడేది ఒకటే: “గ్యాస్ అయిపోయినట్టుంది, కాస్త పట్టించండి.” బండిగలవాళ్ల డబ్బు వృథా కావడం ఈ మాటతోనే మొదలవుతుంది.

అపోహ: ఏటా ఎండాకాలానికి ముందు గ్యాస్ పట్టించుకోవాలి.

పెట్రోలులా ఖర్చయ్యేది కాదు గ్యాస్. గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, ఒత్తిడి తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్, వీటిని కలిపే పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు హోసుల్లోంచి, కంప్రెసర్ షాఫ్ట్ సీలు దగ్గర ఏళ్ల తరబడి కొంచెం కొంచెం జారిపోవడం మామూలే. పోయిన వేసవిలో పట్టించింది ఈ వేసవికి లేదంటే మాత్రం ఎక్కడో లీకు ఉంది. దాన్ని పట్టుకోకుండా మళ్లీ నింపితే చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు, రొయ్యల గుంటల దారుల్లో తిరిగే బండి అయితే ముందు కండెన్సర్ చూడండి. ఉప్పుగాలికి దాని అల్యూమినియం తినుకుపోతుంది. బంపర్ జాలీలోంచి టార్చి వేస్తే దాని సన్నటి రేకు రెక్కలు తెల్లగా పొడిపొడిగా రాలుతూ కనిపిస్తాయి. కింది మూలన జిడ్డు మరక, దాని మీద ముద్దగా అంటుకున్న దుమ్ము ఉంటే అదే ఆనవాలు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ పోయిన దారిలో ఆయిల్ మరక మిగులుతుంది. తర్వాత పైపుల జాయింట్లలోని ఓ-రింగులు. ఆ తర్వాత గ్యాస్ ఎక్కించే వాల్వుల్లోని పిన్నులు. వాటి ప్లాస్టిక్ మూతలు చాలా బండ్లకు ఉండవు. మూత లేకపోతే దుమ్ము చేరి పిన్ను సరిగ్గా కూర్చోదు. కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డు లోపల ఉంటుంది, లీకు చూడటానికి పూసే సబ్బు నురగ అక్కడికి చేరదు. బ్లోయర్ ఆపి కాసేపాగి, నీళ్లు కారే గొట్టం దగ్గర లీక్ డిటెక్టర్ పెట్టి చూడాలి.

అపోహ: వాక్యూమ్ నిలబడితే లీకు లేనట్టే.

వాక్యూమ్ అంటే గ్యాస్ ఎక్కించే ముందు పంపుతో లైనులోని గాలిని లాగేయడం. అప్పుడు బయటి గాలి లోపలికి నెట్టేది సుమారు 14.7 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) మాత్రమే. ఏసీ నడుస్తుంటే హై సైడులో, అంటే కంప్రెసర్ నుంచి కండెన్సర్ వైపు ఒత్తిడి ఎక్కువుండే భాగంలో, 200 పీఎస్‌ఐ దాటుతుంది, అదీ లోపలి నుంచి బయటికి. సన్నటి లీకు వాక్యూమ్‌కు దొరక్కపోవచ్చు. రెగ్యులేటర్ పెట్టి పొడి నైట్రోజన్ 150 పీఎస్‌ఐ దాకా ఎక్కించి, సబ్బు నురగ పూసి, అరగంట ఒత్తిడి చూపే గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. టైర్ల గాలి వద్దు, దానిలో తేమ ఉంటుంది. ఆక్సిజన్ సిలిండర్ అయితే దగ్గరికి కూడా తేవద్దు, ఆయిల్‌తో కలిసి పేలుతుంది.

వాక్యూమ్ అసలు పని తేమను లాగేయడం. వాక్యూమ్ గేజ్ ముల్లు 29 అంగుళాల (పాదరసం కొలత) దగ్గరికి చేరాక కూడా పంపు 30 నుంచి 45 నిమిషాలు ఆడాలి. పది నిమిషాలకే ఆపేస్తే మిగిలిన తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకడుతుంది. కాసేపు చల్లగా వచ్చి, ఆగిపోయి, ఏసీ కాసేపు ఆపి మళ్లీ వేస్తే చల్లగా వస్తుంటే దీన్ని అనుమానించండి.

అపోహ: గేజ్ చూసి నింపితే చాలు, కొంచెం ఎక్కువైతే ఇంకా చల్లగా ఉంటుంది.

ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల్లో ఆర్-134ఏ (చాలా కార్ల ఏసీల్లో ఉండే గ్యాస్) ఒత్తిడి సుమారు 114 పీఎస్‌ఐ. లోపల కొంచెం ద్రవం ఉన్నా, నిండుగా ఉన్నా అంతే చూపిస్తుంది. అందుకే ముల్లును నమ్మి కొలత చెప్పలేం. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎంత గ్యాస్ పట్టాలో గ్రాముల్లో రాసి ఉంటుంది. అది బండిని బట్టి మారుతుంది. ఉన్నది మెషీన్‌తో బయటికి లాగి, తూకం వేసి, స్టిక్కర్ ప్రకారం మళ్లీ తూచి ఎక్కించాలి. ఎక్కువైతే హై సైడు ఒత్తిడి పెరిగి, చల్లదనం తగ్గి, కంప్రెసర్ కట్ అవుతూ ఉంటుంది. బిల్లులో ఎన్ని గ్రాములు తీశారో, ఎన్ని ఎక్కించారో రాయమని అడగండి.

అపోహ: బండి నిలబడితే చల్లగా రావడం లేదు, హైవే మీద బాగుంది. గ్యాస్ తక్కువైంది.

చాలాసార్లు గ్యాస్ కాదు, కండెన్సర్‌కు గాలి తగలడం లేదు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో తిరిగే బండ్లకు రెక్కల సందుల్లో బూడిదరంగు మెత్తటి పొర పేరుకుపోతుంది. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి కండెన్సర్ మీద నీళ్లు పోసి చూడండి. వెంటనే హై సైడు ముల్లు దిగి చల్లగాలి వస్తే, ఫ్యాన్, దాని రిలే, కండెన్సర్ శుభ్రం చూసుకోవాలి. కడిగేటప్పుడు మామూలు నీళ్ల పైపు చాలు, వీలైతే వెనక నుంచి ముందుకి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి.

అపోహ: కంప్రెసర్ పట్టేస్తే (తిరగకుండా బిగుసుకుపోతే) కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలు.

మేం గట్టిగా వద్దని చెప్పేది ఇదే. పట్టేసిన కంప్రెసర్ ఇనుప, అల్యూమినియం రజనును లైనంతా చిమ్ముతుంది. ఇప్పటి కండెన్సర్లలో దారులు మిల్లీమీటరు కూడా ఉండవు, ఫ్లషింగ్‌తో (మందు పంపి కడగడంతో) పూర్తిగా శుభ్రం కావు. కండెన్సర్, తేమ పీల్చే డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మార్చి, పైపులు, కూలింగ్ కాయిల్ ఫ్లష్ చేయాలి. లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా పాతదాని దారే పడుతుంది. ఆయిల్ కూడా కొలతే: కంపెనీ చెప్పిన రకం, చెప్పిన మిల్లీలీటర్లు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్ల కరెంటు కంప్రెసర్లలో ఎక్కువగా పీఓఈ ఆయిల్ వాడతారు; పొరపాటున మామూలు బండ్లలో పోసే పీఏజీ ఆయిల్ పోస్తే కంప్రెసర్ లోపలి కరెంటు ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

అపోహ: వంటగ్యాస్ కలిపితే చవగ్గా, బాగా చల్లగా ఉంటుంది.

చల్లగా ఉంటుంది నిజమే. కానీ అది మండే గ్యాస్, కూలింగ్ కాయిల్ మీరు కూర్చునే చోటే ఉంది. కాయిల్ లీకైతే అద్దాలు మూసిన కారులో ఒక్క నిప్పురవ్వ చాలు. లీకును మూస్తుందనే డబ్బా మందూ వద్దు. అది వాల్వుల్లో, రికవరీ మెషీన్‌లో గట్టిపడుతుంది.

అపోహ: చలికాలంలో ఏసీ వాడకపోతే మంచిది.

వారానికి పది నిమిషాలైనా వేయండి. షాఫ్ట్ సీలుకు ఆయిల్ అందుతూ ఉండాలి.

అపోహ: నీళ్లు కారితే గ్యాస్ లీకు.

గ్యాస్ నీళ్లుగా కారదు. కారు కింద కారితే ఏసీ సరిగ్గా పని చేస్తున్నట్టే. అది గాలిలోని తేమ. పక్క సీటు కింద కార్పెట్ తడిసిందంటే డ్రైన్ గొట్టం మూసుకుపోయింది. కింది నుంచి మెత్తటి ప్లాస్టిక్ వైరు పెట్టి నెమ్మదిగా పొడిస్తే మట్టి, ఆకుల పొట్టు ఊడివస్తాయి. ఇనుప తీగ మాత్రం వద్దు, లోపల కాయిల్‌కు తగిలితే చిల్లు పడుతుంది.