బెజవాడ సిటీ బస్సు సైజు ఎవరు తేల్చారు?

పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ వాహనాలకు ఇక రిజిస్ట్రేషన్ పొడిగించేది లేదని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నిబంధన ఆర్టీసీ సొంత బస్సులకూ వర్తిస్తుంది. ఏటా కొన్ని కొత్త బస్సులు కొనుక్కుంటూ వచ్చిన డిపోకు ఇది పెద్ద కష్టమేమీ కాదు. విజయవాడ సిటీ డిపోల సంగతి వేరు. ఇక్కడికి 2009 తర్వాత కేంద్రం సొమ్ముతో బస్సులు ఒక్కసారే దిగాయి. ఒక్కసారి వచ్చినవి ఒక్కసారే ముసలివవుతాయి.

వాటి బదులు ఏం తేవాలన్న దానికి జవాబు ఢిల్లీ నుంచే సిద్ధంగా వచ్చింది. పీఎం ఈ-బస్ సేవ పథకంలో రాష్ట్రానికి 750 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఆ జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. ఏ రూటుకు ఎంత పొడవు బస్సు కావాలి, గంటకు ఎన్ని ట్రిప్పులు తిప్పాలి అన్నది మాత్రం జనంలో పెద్దగా చర్చకు రాలేదు. ఈ ఊళ్లో బస్సు సైజును ఎక్కేవాళ్ల లెక్క కన్నా డబ్బిచ్చే పథకమే ఎక్కువగా తేల్చిందని నా అభిప్రాయం. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆర్టీసీకి మూలం నిజాం రాజ్యంలో ఉంది. 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ విభాగంగా మొదలైంది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారింది. కృష్ణా జిల్లాలో అప్పటికి ప్రైవేటు బస్సు యజమానుల హవా నడుస్తోంది. వాళ్ల రూట్లను సంస్థ తీసుకోవడానికి స్కీము ప్రకటించగానే వాళ్లు సుప్రీంకోర్టుకెక్కారు. అదే గుల్లపల్లి నాగేశ్వరరావు కేసు. ఈ రోజుకీ లా కాలేజీల్లో పరిపాలనా చట్టం పాఠంలో ముందు వరుసలో చెప్పేది ఇదే. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వాదన విన్నవారే నిర్ణయం చెప్పాలి కదా అంటూ మెజారిటీ తరఫున జస్టిస్ కోకా సుబ్బారావు ఆ ఉత్తర్వును కొట్టేశారు. ఆయనా మన తెలుగువారే. ఆ తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని స్కీమును ఆమోదించారు. రెండోసారి కోర్టుకెళ్లిన యజమానులు 1959లో ఓడిపోయారు.

కోర్టులో తేలింది బస్సు ఎవరు నడపాలన్నదే. ఎంత బస్సు నడపాలన్నది అక్కడ ప్రశ్నే కాదు. ప్రైవేటు యజమాని తన రూటుకు సరిపడా బండి చూసుకునేవాడు. నిండకపోతే నష్టం తన జేబులోంచే పోతుంది మరి. సంస్థ వచ్చాక కొనుగోలు రాష్ట్రం మొత్తానికీ ఒకే చోట జరిగేది. ఒకే రకం ఛాసిస్, దాదాపు ఒకే కొలత బాడీ. ఇది తెలివితక్కువ పనేమీ కాదు. ఒకే రకం బస్సులుంటే విడిభాగాలు సులువు, మెకానిక్‌కు చేయి తిరుగుతుంది, ఒక డిపోలో బస్సు ఆగిపోతే పక్క డిపో నుంచి తెచ్చుకోవచ్చు. పాతబడిన బస్సులకూ దారి ఉండేది. దూరప్రాంతానికి తిరిగిన బస్సును కొన్నేళ్లకు బాడీ మార్చి కింది సర్వీసుకు దింపేవారు. ఎక్స్‌ప్రెస్ పల్లెవెలుగు అయ్యేది. డొక్కు బస్సులని జనం తిట్టుకున్నా, ఆ పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. బస్సు ఒక చోట సరిపోకపోతే ఇంకో చోటికి పంపవచ్చు. సైజు తప్పినా ఆ తప్పు ఒకే రూటులో పదేళ్లపాటు కూర్చుండిపోయేది కాదు.

ఇప్పుడు ఊరి సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయవాడ నగరపాలక సంస్థ పరిధిలో 10.34 లక్షల మంది. విస్తీర్ణం 62 చదరపు కిలోమీటర్ల లోపే. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరిని ముక్కలు చేశాయి. రైలు పట్టాలు ఇంకొన్ని ముక్కలు చేశాయి. పడమర కొండలు, దక్షిణాన కృష్ణ. అందుకే జనమంతా బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు లాంటి రెండు మూడు దారుల్లోకే వచ్చి పడతారు. ఈ రోడ్ల మీద పన్నెండు మీటర్ల బస్సుకు కావలసినంత పని ఉంది. వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ పక్క వీధుల్లోకో, చిట్టినగర్, కొత్తపేట వైపో అదే బస్సును తిప్పి చూడండి. ఎదురుగా ఒక ట్రాలీ ఆటో ఆగితే చాలు, డ్రైవర్ ఇంజిన్ ఆపుకుని కూర్చోవాల్సిందే.

రోడ్డు వెడల్పు కన్నా పెద్ద చిక్కు రద్దీలో తేడా. ఉదాహరణకు ఒక రూటులో అన్ని చోట్ల కన్నా ఎక్కువ మంది బస్సులో ఉండే చోట, పొద్దున తొమ్మిదికి గంటకు 600 మంది ఒక వైపు వెళ్తున్నారనుకుందాం. నిలబడేవాళ్లతో కలిపి పెద్ద బస్సులో 60 మంది పడితే గంటకు పది బస్సులు కావాలి, అంటే ఆరు నిమిషాలకొకటి. అది మంచి సర్వీసే. మధ్యాహ్నం రెండుకు అదే చోట 120 మందే ఉంటారు. బస్సులో పట్టే లెక్కే చూస్తే రెండు బస్సులు చాలు. అంటే అరగంటకొకటి. మే నెల ఎండలో అరగంట ఎవరు నిలబడతారు? ఈలోగా నాలుగు షేర్ ఆటోలు వచ్చి వెళ్తాయి. అలా ఎక్కడం అలవాటైన మనిషి పొద్దున కూడా ఆటోయే ఎక్కుతాడు. అప్పుడు ఆ 600 కూడా మిగలదు. తర్వాతి ఏడాది డిపోలో ఆక్యుపెన్సీ రేషియో (బస్సు ఎంత నిండిందన్న లెక్క) తగ్గిందని రెండు ట్రిప్పులు కోస్తారు. బస్సుల మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది.

ముప్ఫై మంది పట్టే చిన్న బస్సయితే మధ్యాహ్నం పావుగంటకొకటి వస్తుంది. అయితే పొద్దున ఇరవై బస్సులు, ఇరవై మంది డ్రైవర్లు కావాలి. చిన్న బస్సు సగానికి సగం ఖర్చుతో నడుస్తుందని చాలామంది అనుకుంటారు. నడవదు. ఇంధనం కొంత తగ్గుతుంది, కొనుగోలు ధర కొంత తగ్గుతుంది, డ్రైవర్ జీతం మాత్రం రూపాయి తగ్గదు. కండక్టర్ ఉంటే ఆ జీతం కూడా అంతే. సిటీ బస్సు ఖర్చులో సిబ్బంది జీతాలదే పెద్ద వాటా కాబట్టి, సీటు లెక్కన చిన్న బస్సే ఖరీదవుతుంది. పెద్ద రోడ్ల మీద చిన్న బస్సులు నింపితే మరో నష్టం కూడా ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఇప్పటికే చాలని రోడ్డును రెట్టింపు బస్సులు ఆక్రమిస్తాయి. కనుక పెద్దదా చిన్నదా అని ఊరంతటికీ ఒకే మాట చెప్పేవాళ్లను నమ్మలేం. రూటు రూటుకూ లెక్క వేయాలి.

2009లో ఆ లెక్క జరగలేదు. ప్రపంచ ఆర్థిక మాంద్యం వేళ ఉద్దీపన ప్యాకేజీలో భాగంగా కేంద్రం దేశవ్యాప్తంగా నగరాలకు 15 వేలకు పైగా బస్సులు మంజూరు చేసింది. బస్సు తయారీ కంపెనీల ఆర్డర్లు పడిపోకుండా చూడటం కూడా అందులో ఒక లక్ష్యం. పది లక్షల పైబడిన నగరాల వరుసలో విజయవాడకు సగం సొమ్ము కేంద్రం నుంచి వచ్చింది. అందుకు ఒక షరతు, కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఖరారు చేసిన అర్బన్ బస్ స్పెసిఫికేషన్ల ప్రకారమే కొనాలి. అందులో ఫ్లోరు ఎత్తు 400 మిల్లీమీటర్లయితే లో ఫ్లోర్, 650 అయితే సెమీ లో ఫ్లోర్. ముసలివాళ్లకు, చంకలో బిడ్డతో ఎక్కే తల్లులకు అది నిజంగా మేలే. లారీ ఛాసిస్ మీద కట్టిన బస్సు మెట్లెక్కడానికి మోకాళ్లు పడ్డ బాధ మర్చిపోగలమా! కాకపోతే మన స్పీడ్‌బ్రేకర్లు, వానాకాలం గుంతలు ఆ ఎత్తును చూసి వేసినవి కావు.

ఆ బస్సులకు సొమ్మిచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర నగరాభివృద్ధి పథకం కిందే బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు విడిగా దారి ఇచ్చే ఏర్పాటు కూడా వచ్చింది. సత్యనారాయణపురం మీదుగా పోయే పాత రైల్వే లైను తీసేసిన జాగాలో రోడ్డు వేసి, మధ్యలో బస్సులకు ప్రత్యేక దారి కట్టారు. జాగా ఖాళీగా ఉంది కాబట్టి కారిడార్ అక్కడ వచ్చింది. జనం వెళ్లేది ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు మీదుగా. బస్సులు కొన్నాళ్లు తిరిగి ఆగిపోయాయి. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డంటే అడ్రసు చెప్పుకోవడానికి పనికొచ్చే పేరు. బస్సుకు దారి కావాలన్న ఆలోచన తప్పు కాదు. దారి వేసిన చోటే తప్పు.

2014లో రాష్ట్రం విడిపోయాక సంస్థ కేంద్ర కార్యాలయం విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌కు మారింది. పైఅధికారుల గది కిటికీ కిందే సిటీ బస్సులు తిరుగుతున్నా సిటీ సర్వీసుల గతి పెద్దగా మారలేదు. 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రభుత్వంలో విలీనమయ్యారు, ఆ మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్. బస్సులు ఆగిన నెలల్లో కొందరు బైకులు కొనుక్కున్నారు. వాళ్లలో చాలామంది మళ్లీ బస్టాపు ముఖం చూడలేదు.

ఇక ఈ-బస్సుల దగ్గరకు వద్దాం. పీఎం ఈ-బస్ సేవకు 2023 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. దేశం మొత్తానికి 10 వేల బస్సులు. బస్సు కొనేదీ నడిపేదీ ప్రైవేటు ఆపరేటరు. తిరిగిన కిలోమీటరుకు ఇంత అని సంస్థ చెల్లిస్తుంది. అందులో కేంద్రం సాయం 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు, 9 మీటర్లకు 22, 7 మీటర్లకు 20. పదేళ్ల వరకు ఇస్తుంది. ఇందులో మూడు సైజులూ ఉన్నాయి. పెద్దదానికీ మధ్యదానికీ సాయంలో తేడా రెండు రూపాయలే గనుక, సాయం కోసం పెద్ద బస్సే కొనాలన్న ఒత్తిడి కూడా లేదు.

చిక్కు ఒప్పందంలో ఉంది. కిలోమీటరు లెక్కన డబ్బు వచ్చే ఆపరేటరుకు బస్సులో అరవై మంది ఉన్నా ఆరుగురు ఉన్నా ఒకటే. సైజు తప్పిన నష్టమంతా సంస్థ మీదే పడుతుంది. పాత డీజిల్ బస్సును మచిలీపట్నం వైపు పల్లె రూటుకు దింపినట్టు దీన్ని దింపడం కుదరదు. ఛార్జర్లు, వాటికి హైటెన్షన్ లైను, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డిపోకే అది కట్టుబడి ఉంటుంది. అందుకే మొదటి రోజు రాసుకున్న సైజుతో ఒప్పంద కాలమంతా బతకాలి. అదీగాక మళ్లీ ఒకే ఊపులో వస్తున్నాయి, బ్యాటరీలు కూడా దాదాపు ఒకేసారి బలహీనపడతాయి. విడతల మధ్య రెండు మూడేళ్ల ఎడం పెట్టుకుంటే, మొదటి విడతలో తేలిన దాన్ని బట్టి తర్వాతి విడత సైజు మార్చుకోవచ్చు.

లెక్క వేయడానికి సరుకు లేదనడానికీ వీల్లేదు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు ప్రయాణం ఉచితం. రాబడిని చూసి రద్దీని అంచనా వేసే పాత అలవాటుకు అక్కడితో కాలం చెల్లింది. అయితే వాళ్లకూ సున్నా టికెట్ కొడుతున్నారు. ఏ స్టేజీలో ఎక్కారు, ఎక్కడి వరకు, ఏ వేళకు అన్నదంతా కండక్టర్ చేతి మిషన్‌లోనే ఉంటుంది. రూటు వారీగా, గంట వారీగా దాన్ని తీస్తే ఏ రూటుకు 12 మీటర్లు, దేనికి 9, దేనికి 7 అన్నది బయటపడుతుంది. బస్సు రాక ఆటో ఎక్కినవాళ్లు మాత్రం ఆ మిషన్‌లో ఉండరు. వాళ్లను రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టాలి.

ఆ పని గుంటూరులో ఇంకా ఎక్కువ అవసరం. అక్కడ సిటీ బస్సు అన్నది పేరుకే, ఊరిని నడిపేది ఆటోలే. అరండల్‌పేట, బ్రాడీపేట, కొత్తపేట, లాడ్జి సెంటర్ల మధ్య టికెట్ మిషన్‌లో పాత లెక్కలేమీ పెద్దగా దొరకవు. ఆటోల్లో ఎక్కేవాళ్లను లెక్కపెట్టకుండా బస్సు పొడవు నిర్ణయిస్తే అది ఊహే అవుతుంది. విజయవాడ నుంచి మంగళగిరి మీదుగా గుంటూరు వచ్చే దారికి పెద్ద బస్సే సరి, అందులో అనుమానం లేదు. ఊరి లోపలికి మాత్రం ఏడు, తొమ్మిది మీటర్ల బస్సులతో మొదలుపెట్టి, నిండిన రూటుకు తర్వాతి విడతలో పెద్దది వేయడమే నయం.