రైతును అడిగితే సరిపోతుందా? ప్రొడక్ట్ డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల కోసం, బోరు మోటార్‌ను ఫోన్‌తో నడిపే పరికరాన్ని మా టీమ్ డిజైన్ చేస్తోంది. వాడేవాళ్ల అవసరాలు తెలుసుకునే పనిలో నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: అడిగితే ఏం కావాలో వాళ్లే చెప్పేస్తారు.

వాస్తవం: వాళ్లు చెప్పేది చాలాసార్లు తమకు తోచిన పరిష్కారం. దాని వెనకున్న ఇబ్బందిని మనమే పట్టుకోవాలి. నార్పల దగ్గర ఒక రైతు "ఫోన్‌లో ఆన్, ఆఫ్ బటన్ ఉంటే చాలు సార్" అన్నారు. అదే రాసుకుని వచ్చేశాం. తర్వాత ఒక రాత్రి, కరెంటు వచ్చే టైమ్‌కు ఆయన వెంట తోటకు వెళ్లాను. స్టార్టర్ నొక్కాక ఆయన ఇంటిదారి పట్టలేదు. టార్చి వేసుకుని పైపు దాకా నడిచి, నీళ్లు పడేవరకు అక్కడే నిలబడ్డారు. ఎందుకన్నా అంటే, "మోటరు ఆడుతాండాది సరే, నీళ్లు వస్తాండాయో లేదో ఎట్ల తెలియాల?" అన్నారు. నీళ్లు లేకుండా ఆడితే మోటార్ కాలిపోతుంది. పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్లీ దించాలి. మేం ఇస్తామన్న బటన్ ఆయనకు ఆ నడక తప్పించదు.

నీళ్లందక ఒట్టిగా తిరిగే మోటార్ తక్కువ కరెంటు లాగుతుంది. ఆ తేడాను పట్టుకుని మోటార్‌ను ఆపడం, ఆ సంగతి రైతుకు చెప్పడం మా మొదటి పని అయింది. అప్పటినుంచి "మీకేం కావాలి?" అనే ప్రశ్న మానేశాను. "నిన్న రాత్రి ఏం చేశారు?" అని అడుగుతాను.

అపోహ: ఐదుగురితో మాట్లాడితే చాలు.

వాస్తవం: ఈ ఐదు అనే లెక్క, వాడకానికి డిజైన్ ఎంత తేలికో పరీక్షించే రంగంలో నిపుణుడైన జేకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో బాగా పాకింది. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని ఆయన రాశారు. అది ఒక రూపానికి వచ్చిన డిజైన్‌ను పరీక్షించడం గురించి. అవసరాలు తెలుసుకోవడానికి ఆ లెక్క పనికిరాదు. సొంత బోరు ఉన్న ఐదుగురినే కలిస్తే, అన్నదమ్ములు వంతులు వేసుకునే ఉమ్మడి బోరు సంగతి మన చెవిన పడదు. అక్కడ మోటార్ ఎవరు వేయాలన్నదే పెద్ద తగాదా.

అపోహ: కొనేవాళ్లే వాడతారు.

వాస్తవం: డబ్బు కట్టేది బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు. తోటలో ఉండేది తల్లి. ఆమె మెసేజ్ చదవదు, ఫోన్ మోగితే ఎత్తుతుంది.

అపోహ: అవసరాలన్నీ ఒకసారి రాసి సంతకాలు పెట్టించుకుంటే ఆ పని అయిపోయినట్టే.

వాస్తవం: మేం మొదట తిరిగింది వానలు పడ్డాక. ఏప్రిల్‌లో అదే తోటకు వెళ్తే, బోరు గంటసేపు పోసి ఆగిపోతోంది. మళ్లీ నీళ్లు ఊరాక మోటార్ వేయడానికి రైతు తోటలోనే పడుకుంటున్నారు. ఎంతసేపు ఆగి మళ్లీ ఆన్ కావాలో ఆయనే పెట్టుకునే ఏర్పాటు అప్పటిదాకా మా కాగితాల్లో లేదు.