గేమింగ్ టోర్నమెంట్ స్కోరర్: అపోహలు - వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం వైపు జరిగే బీజీఎంఐ (పబ్జీ ఇండియా వెర్షన్), ఫ్రీ ఫైర్ అనే ఫోన్ షూటింగ్ గేమ్‌ల చిన్న చిన్న టోర్నమెంట్లలో స్కోర్ షీట్ నా చేతిలో ఉంటుంది. సంక్రాంతి సెలవుల్లో అయితే తీరికే ఉండదు. మ్యాచ్ అవ్వగానే "ఏటన్నా, మా పాయింట్లు తగ్గిపోనాయి?" అంటూ కుర్రాళ్లు మీద పడతారు.

అపోహ: చికెన్ డిన్నర్ కొట్టిన (మ్యాచ్‌లో చివరిదాకా మిగిలి గెలిచిన) టీమే ఫస్ట్.

వాస్తవం: అలా అని ఏమీ లేదు. బీజీఎంఐలో బాగా వాడుకలో ఉన్న 10 పాయింట్ల పద్ధతిలో మొదటి స్థానానికి 10, ఆ తర్వాత వరుసగా 6, 5, 4, 3, 2; ఏడు, ఎనిమిది స్థానాలకు చెరో 1. ప్రతి ఫినిష్‌కీ, అంటే ఆటలో ఎదుటివాణ్ని ఒకణ్ని లేపితే, 1 అదనం. ఇద్దర్ని మాత్రమే లేపి, దాక్కుని గెలిచిన టీమ్‌కి 12 వస్తాయి. తొమ్మిది మందిని లేపి మూడో స్థానంలో పోయినవాళ్లకి 14. ఫ్రీ ఫైర్‌లో లెక్క వేరు: బూయాకి (అక్కడ మ్యాచ్ గెలుపుకి ఆ పేరు) 12, రెండో స్థానానికి 9, అక్కడి నుంచి ఒక్కొక్కటే తగ్గుతుంది.

అపోహ: అన్నీ గేమే చూపిస్తుంది కదా, మధ్యలో మనిషెందుకు?

వాస్తవం: గేమ్ చూపించేది ఆ ఒక్క మ్యాచ్ ఫలితమే. బీజీఎంఐ మ్యాచ్ అంటే 16 టీమ్‌లు, 64 మంది. అయిదో స్లాట్ (గేమ్ రూమ్‌లో టీమ్‌కి ఇచ్చిన చోటు) వాళ్లు ఆరులో కూర్చుంటే పాయింట్లు పక్కవాళ్ల ఖాతాలో పడతాయి. పైగా రిజిస్ట్రేషన్‌లో ఒక పేరు, ఆటలో కిరీటాలూ నక్షత్రాలూ తగిలించిన ఇంకో పేరు! ఐడీ నంబర్ కోసం నేను ప్రాణం తీసేది అందుకే. మ్యాచ్ అయ్యాక స్క్రీన్‌షాట్ చూసి ఒకరు చదువుతుంటే ఇంకొకరం షీట్లో ఎక్కిస్తాం. బీజీఎంఐలో స్థానాల పాయింట్లన్నీ కూడితే ప్రతి మ్యాచ్‌కీ సరిగ్గా 32 రావాలి. రాలేదంటే మళ్లీ మొదటి నుంచి.

అపోహ: హ్యాకర్‌ని (ఆటలో మోసం చేసేవాణ్ని) స్కోరర్ తీసేయొచ్చు.

వాస్తవం: అది అడ్మిన్ పని.

అపోహ: పాయింట్లు సమానమైతే స్కోరర్ ఇష్టం.

వాస్తవం: రూల్స్ ముందే గ్రూప్‌లో పెడతారు, ఎవరూ చదవరు. మామూలుగా ముందు చికెన్ డిన్నర్ల సంఖ్య, తర్వాత స్థానాల పాయింట్లు చూస్తాం. మూడోదిగా ఫినిష్‌లు అని రాసే నిర్వాహకులూ ఉన్నారు. మొత్తమూ, స్థానాల పాయింట్లూ సమానమయ్యాక ఫినిష్‌లు సమానం కాక ఏమవుతాయి? దాని బదులు చివరి మ్యాచ్‌లో ఎవరు పైన ఉన్నారో చూడమని రాస్తే పని జరుగుతుంది.

అభ్యంతరం ఉంటే తర్వాతి మ్యాచ్ మొదలవకముందే టీమ్ పేరు, స్లాట్ నంబర్, స్క్రీన్‌షాట్ పంపండి. ఉత్తినే "అన్నా, మాది చూడు" అంటే ఎవరిదని చూడను?