డెడ్‌లైన్: గడియారంలోకి రాకముందు ఈ గీత నేల మీద ఉండేది

1865 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక సైనిక కమిషన్ ముందు విచారణ మొదలైంది. ముద్దాయి పేరు హెన్రీ విర్జ్. స్విట్జర్లాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. 1861 నుంచి 1865 దాకా అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో కెప్టెన్‌గా పనిచేశాడు. అతని మీద మోపిన అభియోగ పత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. అందులో ఒకచోట రెండు పదాల మాటొకటి కొటేషన్ గుర్తుల మధ్య కనబడుతుంది. దాని పక్కనే, అదేమిటో చదివేవాళ్లకి తెలిసేలా అర్థం కూడా విడమరిచి రాశారు. ఆ మాట డెడ్ లైన్.

ఇప్పుడు ఈ మాటకు ఎవరూ ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. ఫీజు కట్టడానికి డెడ్‌లైన్, ప్రాజెక్టుకి డెడ్‌లైన్, అప్లికేషన్ పంపడానికి డెడ్‌లైన్. బడిపిల్లల నోట్లో కూడా ఆడుతున్న మాట. అందులో మొదటి సగం చావు అన్న సంగతి మనకు వినిపించడం మానేసి చాలా కాలమైంది. విర్జ్ విచారణలో మాత్రం ఆ మాటకు అచ్చంగా అదే అర్థం.

విర్జ్ చూసుకున్నది జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ దగ్గర, పట్టుబడ్డ ఉత్తరాది సైనికులను ఉంచిన ఖైదీల శిబిరం. కాగితాల్లో దాని పేరు క్యాంప్ సమ్టర్. 1864 ఫిబ్రవరి చివర్లో తెరిచారు. శిబిరం అంటే గదులు, కప్పులు ఊహించుకోవద్దు. పదిహేను అడుగుల పైన ఎత్తున్న పైన్ దుంగల్ని నేలలో నిలువుగా పాతి ఒక పెద్ద దొడ్డిలాంటి ఆవరణ కట్టారు, అంతే. లోపల నీడ లేదు. ఖైదీలే దుప్పట్లు, పుల్లలు, మట్టి పెళ్లలతో గుడిసెలు వేసుకున్నారు. పదివేల మంది కోసం తలపెట్టిన చోటు అది. ఆ ఏడాది ఆగస్టుకల్లా 32 వేల మందికి పైగా అయ్యారు. రెండు పక్షాల మధ్య ఖైదీల మార్పిడి ఆగిపోవడం దానికి పెద్ద కారణం. ఉత్తరాది సైన్యంలో పోరాడుతూ పట్టుబడిన నల్లజాతి సైనికులను మిగతావాళ్లతో సమానంగా మార్పిడి చేయడానికి దక్షిణాది ప్రభుత్వం ఒప్పుకోలేదు. మార్పిడి నిలిచిపోయాక ఎక్కడి ఖైదీలు అక్కడే పేరుకుపోయారు.

దుంగల గోడ మీద కొద్ది దూరానికొకటి చొప్పున కాపలా మంచెలు ఉండేవి. ఖైదీలు వాటిని పావురాల గూళ్లు అనేవాళ్లు. ఖైదీలు గోడ దగ్గరికి వస్తే ఎక్కి దాటుతారనో, కింద సొరంగం తవ్వుతారనో భయం. అందుకని గోడకు సుమారు 19 అడుగుల లోపలగా, ఆవరణ చుట్టూ చిన్న చిన్న గుంజలు పాతి, వాటి మీద సన్నటి కర్ర బద్దలు కొట్టారు. అదే డెడ్ లైన్. దాన్ని దాటినవాణ్ణి కాపలావాడు కాల్చేయొచ్చు. 1864 మే నెలలో శిబిరాన్ని తనిఖీ చేసిన దక్షిణాది అధికారి ఒకరు తన నివేదికలో ఈ గీత గురించి రాశాడు. పగలైనా రాత్రైనా ఏ ఖైదీ దాన్ని దాటకూడదనీ, దాటితే కాల్పులేననీ చాలా మామూలుగా, దినచర్యలో ఒక అంశం రాసినట్టు రాశాడు.

అభియోగ పత్రంలో ఈ గీత గురించి ఇంకో ముక్క ఉంది. దాన్ని చదివిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను. ఆ గీత చాలాచోట్ల కేవలం ఊహల్లో మాత్రమే ఉన్న గీత అని అందులో రాశారు. కొన్నిచోట్ల కర్ర బద్దలున్నా అవి కదిలిపోతూ, ఊడిపోతూ ఉండేవట. వంట చెరుకు కోసం చిన్న పుల్ల కూడా దొరకని చోట ఆ బద్దలు ఎన్నాళ్లు నిలుస్తాయి? అంటే వేలమంది ఒకరినొకరు తోసుకుంటూ బతుకుతున్న నేల మీద, కంటికి కనబడని గీత ఒకటి ఉంది. అది సరిగ్గా ఎక్కడుందో మంచె మీది కుర్రాడి కళ్లకే తెలియాలి. కింద ఉన్నవాడు తాను గీతకు ఇవతలే ఉన్నాననుకోవచ్చు. పైనున్నవాడికి అలా అనిపించకపోతే అంతే.

ఆవరణ మధ్యలోంచి చిన్న వాగు పారేది. కాపలా సైనికుల మకాం, వంటశాల దానికి ఎగువన ఉండటంతో మురికంతా కలిసి నీళ్లు లోపలికి వచ్చేవి. తాగడానికి, కడుక్కోవడానికి, మరుగుకి కూడా ఆ వాగే. వాగు గోడ కింద నుంచి లోపలికి వచ్చే చోట నీళ్లు కాస్త నయంగా ఉండేవి. కానీ ఆ చోటుకీ ఖైదీలకీ మధ్య డెడ్ లైన్ ఉంది. గిన్నె పట్టుకుని కాస్త ముందుకు వంగి చెయ్యి చాపినవాళ్ల మీద కాల్పులు జరిగాయని బతికి బయటపడ్డవాళ్లు సాక్ష్యం చెప్పారు. పారిపోవాలని కాదు, కాస్త తేట నీళ్ల కోసం.

ఒక కాలు లేని ఖైదీ ఒకడుండేవాడు. తోటివాళ్లు అతన్ని చికమాగా అని పిలిచేవాళ్లు. చికమాగా అంతకు ముందు ఏడాది పెద్ద యుద్ధం జరిగిన చోటు. సొరంగాల సంగతి కాపలావాళ్లకి చెప్పేస్తున్నాడని అతని మీద అనుమానం. ఖైదీలు తనను బతకనివ్వరన్న భయంతో ఒకరోజు చంక కర్రల మీద గీత దాటి అవతలికి వెళ్లి నిలబడ్డాడు. బయటికి తీసుకెళ్లమని వేడుకున్నాడు. వెనక్కి పొమ్మన్నారు. మళ్లీ దాటాడు. మంచె మీది సైనికుడు కాల్చి చంపాడు. విర్జ్ విచారణలో ఈ చావు గురించి సాక్షులు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కాల్చమని విర్జ్ ఆజ్ఞ ఇచ్చాడా లేదా అన్న దగ్గర మాత్రం వాళ్ల మాటలు ఒకదానికొకటి పొసగలేదు.

గీత దగ్గర చనిపోయినవాళ్ల సంఖ్య ఆ శిబిరం మొత్తం చావుల్లో చాలా కొద్ది. అసలు సంహారం చేసింది విరేచనాలు, పళ్లూ కూరలూ లేక వచ్చే స్కర్వీ జబ్బు, ఆకలి. పద్నాలుగు నెలల్లో అక్కడికి తెచ్చిన 45 వేల మందిలో దాదాపు 13 వేల మంది పోయారు. వాళ్ల పేర్లు మనకు మిగిలాయంటే డోరెన్స్ అట్‌వాటర్ అనే పందొమ్మిదేళ్ల ఖైదీ వల్ల. చావుల చిట్టా రాసే పని అతనికి అప్పజెప్పారు. దక్షిణాదివాళ్లు ఆ చిట్టా బయటపెట్టరని భయపడి రహస్యంగా రెండో ప్రతి రాసి దాచుకున్నాడు. యుద్ధం ముగిశాక, 1865 వేసవిలో, యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవ చేసిన క్లారా బార్టన్‌తో కలిసి అక్కడికి తిరిగి వెళ్లాడు. సమాధుల మీద పేర్లు పెట్టించాడు. దాదాపు 460 సమాధులే పేరు లేకుండా మిగిలాయి. విర్జ్‌ని ఆ ఏడాది నవంబరు 10న ఉరి తీశారు.

డెడ్ లైన్ దక్షిణాదివాళ్లు మాత్రమే గీసింది కాదన్నది కూడా చెప్పాలి. ఉత్తరాదివాళ్లు నడిపిన రాక్ ఐలాండ్, క్యాంప్ డగ్లస్ శిబిరాల్లో కూడా ఇలాంటి గీతలున్నాయి. మాట ఇద్దరిదీ. కాకపోతే దేశమంతటా ఇంటింటికీ చేర్చింది ఆండర్సన్‌విల్ విచారణే. పత్రికలు దాన్ని రోజూ అచ్చువేశాయి. విడుదలైన ఖైదీలు ఇళ్లకు వెళ్లి జ్ఞాపకాలు రాశారు. వాటిలో ఈ గీత గురించి చెప్పని పుస్తకం అరుదు.

చాలామంది ఇక్కడి నుంచి ఒక్క గంతులో ఆఫీసు డెడ్‌లైన్ దగ్గరికి వచ్చేస్తారు. జైలు గీత కాస్తా గడువైపోయింది అని కథ ముగించేస్తారు. ఆ గంతు నాకు నచ్చదు. మధ్యలో యాభై ఏళ్లున్నాయి. మాట ఆ యాభై ఏళ్లు ఊరికే కూర్చోలేదు. జైలు గీతే సరాసరి గడువుగా మారిందని చూపే ఆధారమూ లేదు. ఆ కాలంలో ఈ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూస్తే అసలు సంగతి కొంత తెలుస్తుంది.

మొదట అది దాటకూడని ఏ హద్దుకైనా పేరైంది. 1870లలో కాన్సాస్‌లోని డాడ్జ్ సిటీలో రైలు పట్టాలను డెడ్ లైన్ అనేవాళ్లు. పట్టాలకు ఉత్తరం వైపు తుపాకీ పట్టుకుని తిరగకూడదు, దక్షిణం వైపు అడిగేవాడు లేడు. 1880లో న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్ విభాగం అధిపతి థామస్ బర్న్స్ ఫుల్టన్ వీధిని డెడ్ లైన్‌గా ప్రకటించాడు. ఆ వీధికి దిగువన వాల్ స్ట్రీట్, బ్యాంకులు. పేరుమోసిన దొంగ ఎవడైనా ఆ వీధి దాటి కిందికి కనబడితే చాలు, ఏ నేరం చేయకపోయినా పట్టుకుపోయేవాళ్లు. ఇక్కడ దాటితే చావు లేదు, అరెస్టు ఉంది. మాటలో పదును కొంచెం తగ్గింది, కానీ అది ఇంకా నేల మీది గీతే. వేలు పెట్టి చూపించొచ్చు.

తర్వాత ఈ మాట అచ్చుయంత్రం మీద కనిపిస్తుంది. సీసపు అక్షరాలను వరసగా పేర్చి, ఇనుప చట్రంలో బిగించి, యంత్రం పడక మీద పెట్టేవాళ్లు. ఆ పడక మీద ఒక గీత ఉండేది. అక్షరాలు ఆ గీతకు లోపలే ఉండాలి. దాటిన వరస కాగితం మీద సరిగ్గా పడదు. ఈ గీత పేరు కూడా డెడ్ లైనే. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో అచ్చుపని నేర్పే పుస్తకాలు అక్షరాలు డెడ్ లైన్ దాటకుండా చూసుకోమని పనివాళ్లను హెచ్చరించేవి. ఇక్కడ కూడా గీత చోటుకి సంబంధించినదే, కాలానికి కాదు. కానీ ఇది ఉన్న చోటు పత్రికల ప్రెస్సు. దాటితే పోయేది ప్రాణం కాదు, వార్త.

కాలం అనే అర్థం కూడా సరిగ్గా ఈ పత్రికల మనుషుల నోటనే స్థిరపడింది. పత్రికాఫీసులో ప్రతి పనికీ ఒక గంట ఉంటుంది. విలేకరి కాపీ ఇవ్వాలి, కంపోజిటర్ అక్షరాలు పేర్చాలి, పేజీ బిగించాలి, యంత్రం తిరగాలి, కట్టలు రైలెక్కాలి. ఒక గంట దాటిందా, వార్త ఎంత గొప్పదైనా ఆ రోజు పత్రికలో దానికి చోటు లేదు. చచ్చిన వార్తే. 1920లో అమెరికాలో ఒక పత్రికాఫీసు కథతో మూగ సినిమా వచ్చింది, పేరు ‘డెడ్‌లైన్ ఎట్ ఎలెవెన్’. పదకొండింటికి డెడ్‌లైన్ అని పోస్టరు మీద వేస్తే జనానికి అర్థమవుతుందని అప్పటికే నమ్మకం కుదిరిందన్నమాట. అక్కడి నుంచి ఆఫీసులకి, కాలేజీలకి, ప్రభుత్వ నోటీసులకి పాకడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఈ మాటతో పాటు వాక్యం కూడా తిరగబడింది. ఆండర్సన్‌విల్‌లో గీత నిలబడి ఉండేది, మనిషి కదిలేవాడు. కదలకుండా కూర్చుంటే గీత ఎవరినీ ఏమీ చేయదు. ఇప్పుడు కూర్చున్నవాడి మీదకే గీత నడిచి వస్తుంది. డెడ్‌లైన్ దగ్గర పడుతోంది, డెడ్‌లైన్ ముంచుకొస్తోంది అంటాం. రాత్రి పన్నెండుకు వెబ్‌సైట్ మూసుకుంటుందని తెలిసి, పదకొండున్నరకి ఫారం ఎక్కక స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంటే వచ్చే టెన్షన్ ఇదే. నేను కుర్చీలోంచి లేవలేదు, అయినా అది దగ్గరికి వచ్చేస్తోంది. పాత ఖైదీకి ఈ వాడుక వింతగా అనిపించేది.

డెడ్, లైన్ రెండూ విడివిడిగా చాలా పాతవి. లైన్ అనే మాట లాటిన్ లీనియా నుంచి వచ్చింది. దాని అర్థం అవిసె నారతో పేనిన దారం. లినెన్ బట్ట అనే మాట కూడా ఆ మొక్క పేరు నుంచి వచ్చిందే. దారాన్ని బిగువుగా లాగి పట్టుకుంటే తిన్నటి గీత వస్తుంది కాబట్టి దారం పేరు గీతకు వచ్చింది. ఇక డెడ్ అంటే ఇంగ్లీషులో చచ్చిన అనే కాదు, కదలని, బిగుసుకుపోయిన అని కూడా. అందుకే యుద్ధానికి ముందే చేపలు పట్టేవాళ్లు కదలకుండా వేసి ఉంచే గాలపు తాడును డెడ్ లైన్ అనడం కనబడుతుంది. దానికీ జైలు గీతకీ బంధుత్వం ఉందని నేననుకోను. కాపలావాళ్లు ఆ పేరు పెట్టినప్పుడు వాళ్ల మనసులో ఉన్నది చేపలు కాదు.

ఈ మాటకు మనం వాడే గడువు దీనికి పూర్తిగా వేరే దారిలో పుట్టింది. గడువులో ఉన్నది గడవడం, కాలం సాగిపోవడం. గడువు ఇస్తారు, అడుగుతారు, పెంచుతారు. ఆ మాటలోనే ఊపిరి పీల్చుకోవడానికి కాస్త జాగా ఉంది. డెడ్‌లైన్‌లో మొదట ఆ జాగా లేదు. ఇప్పుడు మాత్రం డెడ్‌లైన్ పొడిగించారు అని హాయిగా అనేస్తున్నాం. గడువుతో చేసే పనులన్నీ డెడ్‌లైన్‌తో కూడా చేయించుకుంటున్నాం. ఎంతలా అంటే, ఇది నిజంగా దాటకూడనిది అని చెప్పాలంటే దానికి ముందు హార్డ్ అనే ఇంకో మాట తగిలించాల్సి వస్తోంది.

ఆండర్సన్‌విల్ ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలం. దుంగల గోడ ఎప్పుడో పోయింది. పచ్చిక బయలు మిగిలింది. ఆ పచ్చికలో తెల్లటి గుంజలు రెండు వరసలుగా పాతి ఉంటాయి. బయటి వరస గోడ ఉన్న చోటు, లోపలి వరస డెడ్ లైన్. వాటి మధ్య ఖాళీ ఎంతుందో అక్కడ నిలబడి కళ్లతో కొలుచుకోవచ్చు.