ఫోటో కాదు సామీ, చేత్తో వేసిన బొమ్మ: తిరుపతి స్టూడియోల మీద అపోహలు – వాస్తవాలు

మా స్టూడియో ఫ్రేముల షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది. కింద పటం కట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఖాళీగా నిలబడలేక అప్పుడప్పుడు మెట్లెక్కి వస్తారు. మొన్న ఒక పెద్దాయన వచ్చి గోడలన్నీ చూసి అడిగాడు.

"ఏమన్నా, స్వామి ఫోటో మూడడుగులది ఉందా?"

"ఫోటో లేదు సామీ, వేసిన బొమ్మ ఉంది."

"అదే లేన్నా, ఫోటోనే కదా."

ఈ "అదే లేన్నా" అనే మాట ఇరవై ఏళ్లుగా వింటున్నాను. మా ఊళ్లో బొమ్మ ఎంత అని అడుగుతారు, ఏ దేవుడు అని అడుగుతారు, ఏ దిక్కున పెట్టాలి అని కూడా అడుగుతారు. ఎవరు వేశారు అని మాత్రం అడగరు. కింద రాసిన అపోహల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

అపోహ: తిరుపతిలో దేవుడి పటాలు తప్ప ఆర్ట్ ఏముంది? చూడాలంటే హైదరాబాద్‌కో చెన్నైకో పోవాల్సిందే.

వాస్తవం: అద్దాల తలుపులు, తెల్ల గోడలు, ఏసీ ఉంటేనే గ్యాలరీ అనుకుంటే నిజమే, అలాంటివి మాకు తక్కువ. కానీ టీటీడీ వాళ్ల సంప్రదాయ శిల్ప కళాశాల 1960 నుంచి ఇక్కడే నడుస్తోంది. రాతి విగ్రహం, పంచలోహం, చెక్క, గోపురాల మీది సుధ (సున్నపు గార) బొమ్మలు, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ, అన్నీ అక్కడ నేర్పుతారు. ఏర్పేడు దగ్గర మాధవమాలకు పోతే వీధి అరుగుల మీదే చెక్క శిల్పాలు తయారవుతూ కనిపిస్తాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇళ్లలో ముందు గది స్టూడియో, అదే గ్యాలరీ, మధ్యాహ్నం అదే భోజనాల గది.

ఊరంతా కలిసి చేసే కళ సంగతికొస్తే, తాతయ్యగుంట గంగమ్మ జాతరను మించింది నాకు తెలిసి లేదు. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. తెలుపు, ఎరుపు, నలుపు. రంగుల గురించి నా మొదటి పాఠం అదే. డ్రాయింగ్ మాస్టారి దగ్గర కాదు, అయిదేళ్ల వయసులో మా నాన్న భుజం మీద కూర్చుని నేర్చుకున్నాను. చివరి రోజు తెల్లవారుజామున అమ్మవారి విశ్వరూపాన్ని మట్టితో నిలబెడతారు. కాసేపటికే ఆ మట్టిని పెళ్లలుగా తీసి భక్తులకు పంచేస్తారు. అంత కష్టపడి చేసిన బొమ్మను దాచిపెట్టకుండా పంచేసే ఊరు మాది. ఇక్కడ కళ లేదంటే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: కలంకారీ అంటే ఒక ప్రింట్ డిజైన్. బజార్లో మీటరు రెండొందలకు దొరికేదాన్ని మీరు వేలల్లో చెప్తారు.

వాస్తవం: దీనికి కొంచెం ఓపిగ్గా జవాబు చెప్పాలి.

శ్రీకాళహస్తి కలంకారీలో కలం అంటే వెదురు పుల్ల. మొన చెక్కి, కొంచెం పైన ఉన్నిగానీ గుడ్డగానీ చుట్టి దారంతో బిగిస్తాం. ఆ చుట్టే సిరాబుడ్డి. దాన్ని వేళ్లతో కొంచెం నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. ఎంత నొక్కాలో ఎవరూ నోటితో చెప్పలేరు. నాకు ఆరు నెలలు పట్టింది, అప్పటిదాకా నా గణపతులందరికీ తొండం మీద మరకలే.

బట్ట పని ఇంకోటి. గాడా అనే ముతక నూలు బట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతాం. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కరక్కాయ వగరు నలుపు కోసం. నల్లరంగు అంటే కసిమి. కుండలో నీళ్లు, బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియబెడితే వస్తుంది. మూత తీస్తే ఆ వాసనకు ఇంట్లోవాళ్లు బయటికి పోతారు, మా ఆవిడ ఇప్పటికీ పోతుంది. కుండలో ఆ నీళ్లు చూస్తే నల్లగా ఏమీ ఉండవు. బట్ట మీద గీత పెట్టాక, కరక్కాయ వగరు, ఇనుము కలిసి, మీ కళ్ల ముందే నల్లబడుతుంది. మొదటిసారి చూసే పిల్లలు మ్యాజిక్ అంటారు. ఎరుపు పద్ధతి వేరు. ఎర్రగా రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూసి, తర్వాత ఎర్ర రంగునిచ్చే చెట్టు చెక్క, వేర్లు వేసి ఉడకబెడతాం. పటిక పూసినచోటే రంగు పట్టుకుంటుంది. తర్వాత పారే నీళ్లలో ఉతుకు, ఆరబెట్టు, మళ్లీ పాలు, మళ్లీ రంగు. పదిహేడు దశలని కొందరు, ఇరవై మూడని కొందరు లెక్క చెప్తారు. స్వర్ణముఖి నదిలో నీళ్లు లేని నెలల్లో ఆ ఉతుకుడు మా అందరికీ పెద్ద టెన్షన్.

ఈ విద్య కూడా ఒకప్పుడు పోవాల్సిందే. 1950ల చివర్లో, చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టడంతో నిలబడింది. ఆ ఊరి జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

మరి ప్రింటును గుర్తుపట్టేదెట్లా? ఒకే నెమలి నాలుగుచోట్ల ఉంటే నాలుగింటినీ పక్కపక్కన చూడండి. కన్ను, ముక్కు, తోక వెంట్రుకతో సహా ఒకేలా ఉంటే అది మెషిన్. చేత్తో వేసినదాంట్లో ఒక నెమలి కాస్త బొద్దుగా, ఇంకోటి కాస్త అలిగినట్టు ఉంటుంది. గీత మొదట్లో లావుగా ఉండి, కలంలో రంగు అయిపోతుంటే సన్నబడుతుంది, మళ్లీ ముంచినచోట లావవుతుంది. కొత్త బట్టయితే వాసన చూడండి, పాలూ కరక్కాయా కలిసిన ఒక పులుపు వాసన తెలిసిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పాలి. మచిలీపట్నం, పెడన కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. బొమ్మ మళ్లీ మళ్లీ వచ్చినంత మాత్రాన దాన్ని మెషిన్ ప్రింటులో కలపకండి, అచ్చు చెక్కేదీ అద్దేదీ మనుషులే. నా కోపం డిజిటల్ ప్రింటు మీద కూడా కాదు, దాన్ని చేతిపని అని చెప్పి అమ్మడం మీద.

అపోహ: సహజ రంగులు ఎప్పటికీ పోవు. తంజావూరు బొమ్మలో బంగారమైతే అసలే చెక్కుచెదరదు.

వాస్తవం: నేరుగా ఎండ పడితే అన్నీ పోతాయి. తంజావూరు పటంలో అసలు బంగారు రేకు నిలుస్తుంది నిజమే, నకిలీ రేకు కొన్నేళ్లకే నల్లబడుతుంది. అయితే రేకు కింద ఉన్నది సుద్ద, జిగురు, దాని కింద బట్ట, పలక. వాటికి తేమ తగిలితే బంగారం ఏం చేస్తుంది? 2021 నవంబరు వానలకు మా స్టూడియో వెనక గోడ చెమ్మెక్కింది. నీటిరంగు బొమ్మలు ఏడు బూజు పట్టాయి. తప్పు నాదే. మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు) పెట్టకుండా అద్దాన్ని కాగితానికి ఆనించి ఫ్రేము కట్టించాను, గాలాడలేదు. అప్పటినుంచి గోడకూ ఫ్రేముకూ మధ్య చిన్న బిరడా ముక్కలు పెట్టి తగిలిస్తున్నా.

అపోహ: గ్యాలరీ వాళ్లు కమీషన్ పేరుతో ఆర్టిస్టు కష్టం తింటారు.

వాస్తవం: నేనూ అట్లే అనుకునేవాణ్ణి, సొంతంగా అద్దె కట్టడం మొదలుపెట్టేదాకా. పన్నెండు వేలకు బొమ్మ అమ్మితే గ్యాలరీకి నాలుగు వేలు పోతాయనుకోండి. మిగిలిన ఎనిమిదిలో ఫ్రేము, క్యాన్వాసు, రంగులు తీసేస్తే అయిదు చిల్లర. పని వారం రోజులు. వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ ఆ నాలుగు వేలలో వాళ్ల అద్దె, కరెంటు, కొనేవాడిని ఫోన్ చేసి పిలిపించడం ఉన్నాయి. ఆ పిలిపించే పని నాకు రాదు, చాలామంది ఆర్టిస్టులకు రాదు.

దోపిడీ కమీషన్లో కాదు, కాగితం లేకపోవడంలో ఉంది. ఒకసారి వేరే ఊళ్లో ఎగ్జిబిషన్ అంటే నమ్మి ఆరు బొమ్మలు పంపాను. రసీదు అడగడానికి మొహమాటం. ఎనిమిది నెలల తర్వాత నాలుగు తిరిగొచ్చాయి, ఒకదానికి మూల చిరిగింది. మిగతా రెండూ అమ్ముడయ్యాయా, ఎక్కడైనా పోయాయా అనేది ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు బొమ్మ గుమ్మం దాటితే కొలత, ధర, కమీషన్ శాతం, తిరిగిచ్చే తేదీ రాసిన కాగితం మీద రెండు సంతకాలు ఉండాల్సిందే. అన్న అయినా, తమ్ముడైనా.

అపోహ: డబ్బిచ్చి కొన్నాం, ఇక ఆ బొమ్మతో ఏమైనా చేసుకుంటాం.

వాస్తవం: గోడకు పెట్టుకోండి, అమ్ముకోండి, కూతురికి పెళ్లి కానుకగా ఇవ్వండి. కానీ నేను నా ఇష్టానికి వేసుకున్న బొమ్మ మీరు కొంటే మీ సొంతమయ్యేది ఆ ఒక్క బొమ్మే, కాపీలు తీసే హక్కు కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఆ హక్కు ఆర్టిస్టుది. వేరేవాళ్లకు ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆర్టిస్టు పోయిన తర్వాత కూడా అరవై ఏళ్లు ఉంటుంది. ఒక లాడ్జి వాళ్లు నా దగ్గర ఒక్క బొమ్మ కొని, స్కాన్ చేయించి, గదిగదికీ ప్రింటు తగిలించారు. మా బంధువుల పెళ్లికి ఆ లాడ్జిలోనే దిగాను కాబట్టి తెలిసింది. నా బొమ్మ కిందే పడుకుని నిద్రపట్టక దొర్లాను.

ఇందులో ఒక మెలిక ఉంది, ఆర్టిస్టులకే చాలామందికి తెలీదు. మీరు డబ్బిచ్చి ఆర్డరు మీద బొమ్మ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ మొదటి యజమాని మీరే. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడే ఆ మాట రాసుకోవాలి.

అపోహ: సంఘం పెట్టి రిజిస్టర్ చేయిస్తే నిధులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: ఏడుగురు ఉంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించొచ్చు. ఆ తర్వాత వచ్చేవి నిధులు కాదు, ఏటా దాఖలు చేయాల్సిన లెక్కలు. మా ఆదివారం బృందానికి పేరూ లేదు, బోర్డూ లేదు. పొద్దున్నే చంద్రగిరి కోట దగ్గరికి పోయి రెండు గంటలు స్కెచ్చులు వేసి, టీ డబ్బులు తలా ఇంత వేసుకుని వస్తాం. తొమ్మిదేళ్లుగా ఆగలేదు. రిజిస్టర్ చేసుకున్న సంఘాలు రెండు ఈలోపు అధ్యక్షుడెవరనే గొడవతో మూతపడ్డాయి.

అపోహ: సమ్మర్ క్యాంపులో చేర్పిస్తే మా పాప ఆర్టిస్ట్ అయిపోతాది.

వాస్తవం: నెలలో పాప చేతికి భయం పోతుంది, అంతే. దాన్నే నేను పెద్ద ఫలితం అనుకుంటా. ఉద్యోగం దారి కావాలంటే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు, ఆ తర్వాత వేసవిలో 42 రోజుల టీటీసీ (డ్రాయింగ్ టీచరు పనికి) శిక్షణ ఉన్నాయి. డిగ్రీ చదవాలంటే మరీ దూరం పోనక్కర్లేదు, కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారు. తల్లిదండ్రులకు ఒక మనవి. పాప బొమ్మను మీరు దిద్దకండి. ఏనుగుకు అయిదు కాళ్లుంటే ఉండనీయండి, ఎందుకని అడగండి. ఒక పిల్ల నాతో "అది నడుస్తా ఉంది కదా సార్" అంది.

అపోహ: లోపలికి వస్తే ఏదో ఒకటి కొనాలి.

వాస్తవం: ఎవరన్నారు? సాయంత్రం నాలుగు తర్వాత రండి, అప్పటికి రంగులు ఆరి ఉంటాయి. చెప్పులు మెట్ల దగ్గర విడవండి. క్యాన్వాసు ముట్టుకోవద్దు, కలంకారీ బట్ట మాత్రం చేతిలోకి తీసుకుని తిప్పి చూడొచ్చు. ఆ పెద్దాయన కూడా అట్లే తిప్పి చూశాడు. స్వామి పటం కొనలేదు. పోతూ పోతూ మెట్ల మీద ఆగి, "ఆ నెమళ్లు వేసింది నువ్వేనా?" అని అడిగాడు.